జ్వాలాపురపు బూడిద

రాజవంశములే చరిత్ర కాదు. మట్టిపొరలును చరిత్ర గ్రంథములే. నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతమున, జుర్రేరు లోయలోని జ్వాలాపురమున, తెల్లని బూడిదపొర కలదు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతము బ్రద్దలై వెదజల్లిన బూడిద యది. కొన్ని చోట్ల రెండు మీటర్లకు మించి పేరుకొన్నది.

ఆ యుత్పాతమున మానవజాతి యించుమించుగా నశించెనని కొందఱు పండితులు తలచిరి. కాని పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ ప్రభృతులు త్రవ్వించి చూడగా, బూడిదకు క్రిందను పైనను ఇంచుమించు ఒకే తీరు రాతి పనిముట్లు లభించెను. ప్రళయానంతరమును ఇచట జనజీవనము సాగెనని వారు 2007లో ప్రకటించిరి. ఆ పనివారి యెముకలు మాత్రము దొరకలేదు, వాదము ముగియలేదు.

ఆ బూడిదను జనులు అమ్మకమునకై త్రవ్వుకొనిరి. గ్రంథాలయమున పుస్తకము చినిగిన మఱియొక ప్రతి తెప్పింపవచ్చును. ఆ పొర పోయిన మఱి రాదు.