చారిత్రక గూడ్సు వ్యాగన్లు: పరిశోధన, నమూనాల తయారీ

రైలు పట్టాల మీద సరుకు మోసిన పాత వ్యాగన్ల కొలతలు, కట్టుబడి, రంగు, వాటిపై రాసిన గుర్తులు, అవి తిరిగిన దారులు తెలుసుకుని, నిర్ణీత నిష్పత్తిలో చిన్న నమూనాలుగా మలచడం నమూనా రైళ్ల కళలో ఒక ప్రత్యేక శాఖ. ఇందులో చేతిపని ఎంతో చరిత్ర పరిశోధన అంతే. ఇంజన్‌కు పేరు పెట్టారు, దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు, పుస్తకాలు రాశారు. వ్యాగన్‌కు దక్కింది ఒక సంఖ్య మాత్రమే. వేల సంఖ్యలో ఉండటం వల్లే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అందుకే వ్యాగన్ నమూనా చేయబోయేవాడు ముందు పరిశోధకుడు కాక తప్పదు.

ఈ అధ్యయనం బాగా వేళ్లూనింది అమెరికా, బ్రిటన్‌లలో. అక్కడ ఆధారాలు ముందే పోగుపడి ఉన్నాయి. అమెరికాలో వ్యాగన్ల భాగాలను బొమ్మలతో వివరించే కార్ బిల్డర్స్ డిక్షనరీ 1879లో వచ్చింది. ఏ కంపెనీకి ఏ సంఖ్యల మధ్య ఏ కొలతల వ్యాగన్లు ఉన్నాయో చూపే అఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టర్ 1885లో మొదలైంది. ఒక కంపెనీ వ్యాగన్ మరో కంపెనీ పట్టాల మీదికి వెళ్తే లెక్క తప్పకుండా ఉండాలన్నదే దాని ఉద్దేశం. తర్వాతి కాలంలో అది నమూనాకారులకు చేతిపుస్తకమైంది. బ్రిటన్‌లో హిస్టారికల్ మోడల్ రైల్వే సొసైటీ 1950లో ఏర్పడింది. జాన్ హెచ్. వైట్ అమెరికన్ గూడ్సు వ్యాగన్ల మీద రాసిన బృహద్గ్రంథం 1993లో వెలువడింది. భారతదేశానికి వస్తే ఆవిరి ఇంజన్ల మీద హ్యూ హ్యూస్ నాలుగు భాగాల సూచిక తయారుచేశారు. వ్యాగన్ల మీద అంత విస్తారమైన పని జరగలేదు.

నిజాం రాజ్యంలో తొలి వ్యాగన్లు

తెలంగాణలో గూడ్సు బండి చరిత్ర వాడి–సికింద్రాబాద్ మార్గంతో మొదలవుతుంది. 1874లో తెరిచిన ఆ మార్గాన్ని 1880ల్లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ తన చేతిలోకి తీసుకుని తూర్పుకు పొడిగించింది. పట్టాలు వరంగల్ దాటి డోర్నకల్ మీదుగా 1889లో బెజవాడ (నేటి విజయవాడ) చేరాయి. ఆ పొడిగింపు వెనక బలమైన కారణాల్లో బొగ్గు ఒకటి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1870ల ఆరంభంలో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు పొరలు గుర్తించారు. డోర్నకల్ నుంచి ఇల్లెందుకు శాఖామార్గం పడింది, గనుల నుంచి బొగ్గు కదిలింది. సింగరేణి కాలరీస్ అన్న పేరు మాత్రం 1920లో వచ్చింది. కనుక నిజాం రైల్వే గూడ్సు బండిని నమూనాగా చేయాలంటే మూత లేని బొగ్గు వ్యాగన్లతో మొదలుపెట్టడం న్యాయం. వాటి వెనక ధాన్యం, పత్తి, ఉప్పు వంటివి తీసుకెళ్లే మూత వ్యాగన్లు వస్తాయి.

ఆనాటి వ్యాగన్లు రెండు ఇరుసుల మీద, నాలుగు చక్రాలతో నడిచేవి. హైదరాబాద్–గోదావరి లోయ మార్గం 1900 ప్రాంతంలో మన్మాడ్‌ను కలిపింది. అది మీటర్‌గేజి, అంటే దాని పట్టాల మధ్య దూరం వాడి మార్గపు బ్రాడ్‌గేజి కంటే తక్కువ. దాంతో ఒకే రాజ్యంలో రెండు గేజిల వ్యాగన్లు తయారయ్యాయి. గేజి మారే చోట సరుకంతా హమాలీలు దించి, పక్క పట్టాల మీద నిలిపిన వ్యాగన్లలోకి మళ్లీ ఎక్కించాల్సిందే. నమూనా దృశ్యాలలో సాధారణంగా కనిపించని పని అది. కానీ ఆ కాలపు గూడ్స్ షెడ్డు అమరికకు అసలు కారణం అదే: ఎత్తయిన ప్లాట్‌ఫారం ఒకటి, దానికి ఇరువైపులా వేర్వేరు వెడల్పుల పట్టాలు.

మరమ్మతులకు 1893లో లాలాగూడ వర్క్‌షాపు ఏర్పడింది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ నుంచి కొనేసింది. 1951 నవంబరులో అది మధ్య రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే ఈ ప్రాంతాన్ని తన పరిధిలోకి తీసుకుంది. వ్యాగన్ పక్కపలకల మీది అక్షరాలు మూడు సార్లు మారాయన్నమాట. పాత ఫొటో ఏ కాలానిదో పోల్చడానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు. అయితే విలీనమైన రోజే అన్ని వ్యాగన్లకూ కొత్త రంగు పడదు. వర్క్‌షాపుకు వంతు వచ్చేదాకా పాత అక్షరాలతోనే తిరుగుతాయి. 1952 నాటి బండిని చేసేవారు పాత, కొత్త గుర్తులు రెండూ కలపాలి.

ప్రమాణాలు, ఉమ్మడి వాడుక

తొలి దశాబ్దాల్లో ఒక్కో కంపెనీది ఒక్కో నమూనా. ఆ గందరగోళాన్ని తగ్గించడానికి ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్ ఉమ్మడి నియమాలు చేసింది. 1920ల్లో ఇండియన్ రైల్వే స్టాండర్డ్ నమూనాలు రూపొందాయి. 1930లో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆఫీసు ఏర్పడింది. 1957లో అది మరో పరిశోధన కేంద్రంతో కలిసి లక్నోలోని రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌ఓ అయింది. స్వాతంత్ర్యం తర్వాత తయారైన వ్యాగన్లలో అధిక భాగానికి మూల చిత్రపటాలు అక్కడివే.

నమూనాకారుడికి ప్రమాణీకరణ ఒక వరం, ఒక చిక్కు. వరం ఎందుకంటే ఒక రకాన్ని సరిగ్గా కొలిస్తే దేశమంతటా తిరిగిన వేల వ్యాగన్లు చేతికందినట్టే. చిక్కు ఉమ్మడి వాడుకతో వచ్చింది. రైల్వేలు తమ వ్యాగన్లను ఒక పూల్‌లో వేసి, ఎవరివైనా ఎక్కడైనా వాడుకునే పద్ధతి పెట్టుకున్నాయి. ఆ తర్వాత వ్యాగన్ మీది రైల్వే పేరు సొంతదారు ఎవరో చెబుతుంది తప్ప అది ఏ ఊళ్లో నిలబడి ఉందో చెప్పదు. ఖమ్మం యార్డు దృశ్యంలో అన్ని వ్యాగన్ల మీదా దక్షిణ మధ్య రైల్వే అని రాసి ఉంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది కానీ చరిత్ర ప్రకారం తప్పు.

అసలు మలుపు నాలుగు చక్రాల వ్యాగన్ పోయి, రెండు బోగీల (నాలుగేసి చక్రాల తిరిగే చట్రాల) మీద నడిచే ఎనిమిది చక్రాల బోగీ వ్యాగన్ రావడం. మూత లేని బాక్స్, మూత ఉన్న బీసీఎక్స్ రకాలు ముందు వచ్చాయి. వాటికి వాక్యూమ్ బ్రేకులు. 1980ల్లో ఎయిర్ బ్రేకులతో బాక్స్‌ఎన్, బీసీఎన్ రంగంలోకి దిగాయి. పేరు చివరి ఎన్ అక్షరం ఎయిర్ బ్రేకుకు గుర్తు. బాక్స్ పొడవు కప్లింగుల మధ్య 13,729 మిల్లీమీటర్లు, బాక్స్‌ఎన్‌ది 10,713. పొడవు తగ్గించి ఎత్తు పెంచడంతో బండిని పక్కకు తప్పించి ఆపే ఒక లూప్‌లైన్‌లో ఎక్కువ బరువు పట్టింది. 686 మీటర్ల లూప్‌లో 58 బాక్స్‌ఎన్ వ్యాగన్లు, ఇంజను, గార్డు డబ్బా సరిపోతాయి. వ్యాగన్ల మొత్తం పొడవే దాదాపు 621 మీటర్లు. ఖాళీ బాక్స్‌ఎన్ 22.47 టన్నులు తూగుతుంది, 58.81 టన్నులు మోస్తుంది. దాని కింద ఉండే క్యాస్‌నబ్ బోగీ పోత ఉక్కు చట్రం. పాత బాక్స్ కింది బోగీ ఆకారమే వేరు. పెట్టె ఎంత బాగా చేసినా కింద తప్పు బోగీ పెడితే తెలిసినవారి కన్ను ముందు అక్కడే పడుతుంది.

నడికుడి మార్గం

త్రిపురారం, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతం ఈ చరిత్రలోకి ఆలస్యంగా, ఒక విచిత్రమైన దశలో అడుగుపెట్టింది. బెజవాడకు వెళ్లిన నిజాం రైలు ఉత్తరాన వరంగల్, ఖమ్మం చుట్టి పోయింది. దక్షిణాన కృష్ణ అవతల గుంటూరు–మాచర్ల మీటర్‌గేజి నడిచింది. నడుమ ఉన్న నల్లగొండ ప్రాంతానికి ఎడ్లబండ్లు, తర్వాత లారీలే దిక్కు. సూర్యాపేట, కోదాడ పట్టణాలు ఇప్పటికీ హైదరాబాద్–విజయవాడ రహదారి మీదే ఆధారపడి ఉన్నాయి.

బీబీనగర్–నడికుడి మార్గం నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా 1980ల చివరికి పూర్తయింది. నదిని దాటి నడికుడి దగ్గర అది పాత మాచర్ల మార్గాన్ని కలుసుకుంది. ఆ పాత మార్గం కూడా తర్వాత బ్రాడ్‌గేజిగా మారింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద త్రిపురారం, మిర్యాలగూడ పొలాలు వరి మాగాణులయ్యాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లులు బారులు తీరాయి. కృష్ణ ఒడ్డున వాడపల్లి, విష్ణుపురం, జాన్‌పహాడ్, మేళ్లచెరువు చుట్టూ సున్నపురాయి ఉండటంతో సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. అంటే రైలు చేరేసరికే బియ్యం బస్తాలు, సిమెంటు బస్తాలు ఎదురుచూస్తున్నాయి. రెండూ తడవకూడని సరుకులే కాబట్టి ఈ మార్గంలో మూత వ్యాగన్‌దే రాజ్యం.

దీని ఫలితం నమూనాకారుడికి సూటిగా తగులుతుంది. మిర్యాలగూడ రేక్ పాయింట్‌లో (ఒక రేక్, అంటే పూర్తి వ్యాగన్ల వరస, నింపే చోట) ఆవిరి ఇంజను వెనక నిజాం కాలపు నాలుగు చక్రాల వ్యాగన్లు నిలబెడితే అది ఊహాచిత్రమే. ఇక్కడి నిజమైన తొలి దృశ్యం డీజిల్ ఇంజను, వాక్యూమ్ బ్రేకుల చివరి తరం, ఎయిర్ బ్రేకుల తొలి తరం ఒకే యార్డులో కలిసి కనిపించిన కొద్ది ఏళ్లు. నాలుగు చక్రాల వ్యాగన్ అప్పటికే నిష్క్రమణ దారిలో ఉంది. రేక్ చివర గార్డు డబ్బాగా మాత్రం నాలుగు చక్రాలు చాలాకాలం మిగిలాయి. గార్డు హోదా పేరు 2022లో ట్రైన్ మేనేజర్‌గా మారింది, డబ్బా పేరు జనం నోట మారలేదు. ఇటీవలి దశ మళ్లీ బొగ్గుది. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కోసం విష్ణుపురం నుంచి సైడింగ్ వేశారు.

ఆధారాలు చదివే తీరు

రైల్వే వార్షిక నివేదికల్లో వ్యాగన్ల సంఖ్యలు, సరుకుల టన్నులు దొరుకుతాయి. బొమ్మలు తక్కువ. నిజాం కాలపు ప్రభుత్వ పత్రాలు హైదరాబాద్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, కంపెనీ పత్రాలు లండన్‌లోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో వెతకాలి. 1977లో ఢిల్లీలో తెరిచిన జాతీయ రైలు మ్యూజియంలో నిజమైన పాత వాహనాలను కొలుచుకోవచ్చు. రైల్వే ప్రాంగణాల్లో ఫొటోలకు అనుమతి కావాల్సి రావడంతో మామూలు గూడ్సు బండి ఫొటోలు అరుదు. ప్రయాణికుల బండి ఫొటోలో వెనక పట్టాల మీద అనుకోకుండా పడిన వ్యాగనే చాలాసార్లు ఏకైక సాక్ష్యం.

వ్యాగన్ పక్కపలకే మరో పత్రం. ఖాళీ బరువు, మోయగల బరువు, పొడవు, చివరిసారి పూర్తి మరమ్మతు జరిగిన చోటు, తేదీ, తిరిగి వర్క్‌షాపుకు రావలసిన గడువు అన్నీ దాని మీదే ఉంటాయి. ఇప్పటి 11 అంకెల సంఖ్యలో మొదటి రెండు రకాన్ని, తర్వాతి రెండు సొంతదారు రైల్వేను, ఆపై రెండు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. నాలుగంకెల వరస సంఖ్య తర్వాత సరిచూసే అంకె వస్తుంది. సరి స్థానాల్లోని అంకెలు కూడి మూడుతో గుణించి, బేసి స్థానాల మొత్తం కలిపి, పై పదికి ఎంత తక్కువో చూస్తే అదే చివరి అంకె. 10 09 05 0123 తీసుకుంటే సరి స్థానాల మొత్తం 18, మూడింతలు 54. బేసి స్థానాల మొత్తం 3. కలిపితే 57, అరవైకి తక్కువ 3. ఫొటోలో ఒక అంకె మసిబారి కనబడకపోతే ఈ లెక్కను వెనక్కి నడిపి దాన్ని రాబట్టవచ్చు. ఏ స్థానంలోని అంకె పోయినా జవాబు ఒక్కటే వస్తుంది. రెండు అంకెలు పోతే మాత్రం లెక్క పనిచేయదు.

కొలతలు కుదించడం

భారత నమూనాల్లో విరివిగా వాడేది హెచ్‌ఓ నిష్పత్తి, అసలులో 87వ వంతు. 15,429 మిల్లీమీటర్ల బీసీఎన్ ఇందులో 177 మిల్లీమీటర్లవుతుంది. బాక్స్‌ఎన్ 123 మిల్లీమీటర్లు. మొత్తం 58 వ్యాగన్ల రేక్ చేయాలంటే ఏడు మీటర్లకు పైగా చోటు కావాలి. అందుకే ఇళ్లలో పది పన్నెండు వ్యాగన్లతో సరిపెట్టుకుంటారు.

తీరని చిక్కు పట్టాల వెడల్పుది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాలు 16.5 మిల్లీమీటర్లు. అది 1,435 మిల్లీమీటర్ల విదేశీ ప్రమాణ గేజికి సరిపడే కొలత. మన 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజికి 19 మిల్లీమీటర్లు దాటాలి. కొందరు సన్నని పట్టాలతో రాజీపడి పైభాగం మాత్రం నిజ కొలతలతో చేస్తారు, కొందరు పట్టాలు కూడా సొంతంగా వేసుకుంటారు. పక్క నుంచి చూస్తే తేడా తెలియదు. ఎదురుగా చూస్తే మొదటి పద్ధతిలో చేసిన వ్యాగన్ చక్రాల మీద అతిగా వెడల్పై తోస్తుంది. మీటర్‌గేజికి ఈ బాధ లేదు, 12 మిల్లీమీటర్ల పట్టాలు దాదాపు సరిపోతాయి. పాత మాచర్ల బండి చేయడం ఈ విషయంలో మిర్యాలగూడ బండి కంటే తేలిక.

భారతీయ వ్యాగన్ల తయారు నమూనాలు కొద్దిగానే దొరకడంతో అట్ట, ప్లాస్టిక్ పలక, ఇత్తడి రేకులతో చేతిపని చాలాకాలం సాగింది. విదేశీ వ్యాగన్‌కు ఎర్రమట్టి రంగు వేసి మన అక్షరాలు అతికించడం దగ్గరి దారి. ఆ దారిలో పోలిక వస్తుంది కానీ కొలత రాదు. పుణెలో 1998లో తెరిచిన జోషి సూక్ష్మ రైళ్ల మ్యూజియం ఈ కళను జనానికి చూపింది. త్రీడీ ముద్రణ వచ్చాక చిత్రపటం ఒకసారి సరిగ్గా గీస్తే ఎన్ని పెట్టెలైనా తీయవచ్చు. పని భారం చేతి నుంచి మళ్లీ పరిశోధన వైపే జరిగింది. చివరి మెరుగు దుమ్ముది. బొగ్గు వ్యాగన్‌కు లోపలి నలుపు, సిమెంటు మోసిన బీసీఎన్‌కు తలుపుల చుట్టూ బూడిదరంగు, ఎరువుల బస్తాలు దించిన దానికి గడపల దగ్గర తుప్పు.

వ్యాగన్ ఆయుష్షు సుమారు 35 ఏళ్లు. నడికుడి మార్గంలో మొదట తిరిగిన తరం ఇప్పుడు తుక్కుకు పోతోంది. బీసీఎన్ స్థానంలో తేలిక ఉక్కుతో చేసిన బీసీఎన్‌హెచ్‌ఎల్, బాక్స్‌ఎన్ స్థానంలో బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ వస్తున్నాయి. మ్యూజియాలు ఇంజన్లను, ప్రముఖులు తిరిగిన సెలూన్ పెట్టెలను తీసుకుంటాయి, బీసీఎక్స్‌ను అడిగేవారు తక్కువ. మిగిలినవి సాధారణంగా రైల్వే సొంత పనులకే వాడే వాహనాలుగానో, చక్రాలు తీసేసి యార్డు పక్క సామాను గదులుగానో కనిపిస్తాయి. కొలిచి బొమ్మ గీయడానికి ఇప్పుడు అందుబాటులో ఉన్నవి అవే.