విద్యాపీఠమునకు దారి: పాదువా, నాగపూర్, డిచ్‌పల్లి

ఉపోద్ఘాతము

విశ్వవిద్యాలయముల చరిత్ర వ్రాసేవారు సాధారణముగా ఆచార్యులను గురించి, గ్రంథములను గురించి, భవనములను గురించి వ్రాస్తారు. విద్యార్థి అక్కడికి ఏ దారిన వచ్చాడు, వచ్చినవానికి తలదాచుకొనే చోటు ఎవరిచ్చారు, ఎవరిని గుమ్మము దగ్గరనే ఆపివేశారు అనే ప్రశ్నలు తక్కువగా వినబడతాయి. ఆర్మూరు ప్రాంతపు సంఘములలో పరిచర్య చేసే కాపరులకు ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. పసుపు విత్తనము కొనవలసినదీ, కళాశాలలో పిల్లలను చేర్చవలసినదీ ఇంచుమించు జూన్ నెలలోనే. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. జనవరి మొదలు దానిని తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేర్చిన తరువాతగాని రైతు చేతికి డబ్బు రాదు. కనుక చదువుకు బయలుదేరే రోజున ఇంట్లో డబ్బు ఉండదు. ఈ నేపథ్యములో విద్యాపీఠమునకు వెళ్ళే దారి చరిత్రను మూడు చోట్ల మేము ఇక్కడ పరిశీలిస్తున్నాము.

పరదేశులు కట్టిన విద్యాపీఠము

ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయము 1088లో ఆరంభమైనదని సంప్రదాయము. అక్కడ ధర్మశాస్త్రము చదువుటకు ఆల్ప్స్ పర్వతములు దాటి వచ్చినవారు ఆ పట్టణములో పరదేశులు. పట్టణ పౌరునికున్న రక్షణ వారికి లేదు. పన్నెండవ శతాబ్దము మధ్యలో చక్రవర్తి మొదటి ఫ్రెడరిక్ విద్య కొరకు ప్రయాణము చేసేవారికి రక్షణ కల్పిస్తూ శాసనము చేశాడు. విద్యార్థులు తమ దేశములను బట్టి గుంపులుగా కూడి, తమ అధ్యక్షుని తామే ఎన్నుకొన్నారు. ఇంటి అద్దెలు ఎంత ఉండవలెనో పట్టణముతో మాట్లాడి నిర్ణయింపజేశారు. యూనివర్సిటీ అనే మాటకు మూలమైన లాటిను పదమునకు ఆనాటి అర్థము భవనము కాదు, ఒక కట్టుగా కూడిన జనము. మేము ఈ అర్థమును ముఖ్యముగా ఎంచుతున్నాము.

1222లో బొలోన్యా నుండి కొందరు విద్యార్థులు, ఆచార్యులు అధిక స్వేచ్ఛను కోరి పాదువాకు తరలిపోయారు. పాదువా విశ్వవిద్యాలయము తన ఆరంభమును ఆ సంవత్సరము నుండి లెక్కించుకొని 2022లో ఎనిమిది వందల యేండ్ల ఉత్సవము జరుపుకొన్నది. వెనిస్ నుండి రైలులో సుమారు అరగంటలో పాదువా చేరవచ్చు. స్టేషను నుండి నడిచి వెళ్ళేవారికి దారిలో జొత్తో కుడ్యచిత్రములున్న స్క్రొవేన్యీ ప్రార్థనాలయము కనబడుతుంది. మరికొంత దూరములో పట్టణము నడుమ పాలాజ్జో బో అనే పాత విద్యాసౌధము ఉన్నది. పట్టణమునకు, విద్యాపీఠమునకు మధ్య ప్రహరీ గోడ లేదు. గెలీలియో 1592 నుండి 1610 వరకు బోధించినది ఈ విశ్వవిద్యాలయములోనే.

అయితే గోడ లేనంత మాత్రాన గుమ్మము అందరికీ తెరిచి ఉన్నదని చెప్పలేము. ఎలెనా కొర్నారో పిస్కోపియా వేదాంత శాస్త్రములో డాక్టరు పట్టము కోరినప్పుడు స్థానిక బిషప్పు గ్రెగోరియో బర్బరీగో, స్త్రీకి ఆ పట్టము తగదని అడ్డుపడ్డాడు. చివరకు 1678 జూన్ 25న ఆమెకు తత్వశాస్త్రములో పట్టమిచ్చారు. విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టము పొందిన మొదటి స్త్రీగా చరిత్ర ఆమెను గుర్తుంచుకొన్నది. అడ్డుపడినది సంఘమే అన్న సంగతి వేదాంత విద్యార్థులమైన మనము దాటిపోరాదు.

హైదరాబాదు నుండి నాగపూర్

నిజాము కాలములో ఆర్మూరు కుర్రవాడు ఉన్నత విద్యకు హైదరాబాదు చేరవలసి వచ్చేది. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలో సాగేది. ఇంట తెలుగు మాట్లాడే విద్యార్థికి దూరము మైళ్ళలోనే కాదు, భాషలోనూ ఉండేది. అదే 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో హైదరాబాదులో రెడ్డి హాస్టలు వెలసింది. గ్రామముల నుండి వచ్చిన తెలుగు విద్యార్థులకు అది పట్టణములో నిలువ నీడ అయినది.

1938లో ఉస్మానియా వసతి గృహములలో వందేమాతరము పాడిన విద్యార్థులను బహిష్కరించారు. నాగపూర్ విశ్వవిద్యాలయము వారిలో అనేకులను చేర్చుకొన్నది. తరువాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. 1222 నాటి పాదువా కథ, 1938 నాటి నాగపూర్ కథ ఒకటి కావు. రెండింటి కారణములు వేరు, కాలములు వేరు. అయినను ఒకచోట మూసిన గుమ్మము మరొకచోట తెరవబడినందున చదువు ఆగలేదన్నది రెండింటిలోనూ కనబడుతుంది. మన వేదాంత విద్యకూ తరలింపు చరిత్ర ఉన్నది. ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1964లో రాజమండ్రిలో ఆరంభమై తరువాత హైదరాబాదుకు వచ్చినదే.

ఆర్మూరు నుండి డిచ్‌పల్లి

నేడు ఆర్మూరు విద్యార్థికి విశ్వవిద్యాలయము దగ్గరకు వచ్చినది. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయపు ప్రధాన ప్రాంగణము డిచ్‌పల్లిలో ఉన్నది. పెర్కిట్ కూడలిలో 44వ జాతీయ రహదారి ఎక్కి, హైదరాబాదు వైపు జక్రాన్‌పల్లి మీదుగా వెళితే గంటలోపు ప్రయాణము. అదే రహదారి ఉత్తరమునకు నాగపూర్ వెళ్తుంది. ఆర్మూరుకు 2017లో పెద్దపల్లి మార్గముతో రైలు కూడా వచ్చినది.

ఈ దారిలో విశ్వవిద్యాలయముకంటె ముందు నడిచినవారు ఉన్నారు. స్కాట్లాండు నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ వెస్లియన్ మిషను పక్షమున 1911లో నిజామాబాదులో కుష్ఠు రోగులకు ఒక గృహము తెరిచారు. వచ్చేవారికి స్థలము చాలలేదు. హైందవ దాత రాజా నర్సాగౌడ్ సహాయముతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసింది. ఊరు వెలివేసినవారు వెతుక్కుంటూ వచ్చిన గుమ్మము అది. హిడ్నోకార్పస్ గింజల నూనెతో ఇచ్చిన చికిత్స అక్కడ పేరు పొందినది. ఆమె 1932లో మరణించేవరకు ఆ పరిచర్య సాగించినది. అందరూ తరిమినవారికి చోటివ్వవచ్చునని డిచ్‌పల్లి విశ్వవిద్యాలయము పుట్టక 91 సంవత్సరముల ముందే నేర్పినది. దానికి డబ్బిచ్చినవాడు క్రైస్తవుడు కాడన్నదీ మనము మరువరాదు.

ముగింపు

ఈ మూడు చరిత్రల నుండి మేము గ్రహించినది ఇది. దారి దగ్గరైనంత మాత్రాన విద్య దగ్గర కాదు. బస్సు గంటలో చేరుస్తుంది. కాని జూన్‌లో ఫీజుకు డబ్బు లేని పసుపు రైతు బిడ్డకు, మొదటిసారి ఊరు దాటే కూలీ కుమార్తెకు ప్రాంగణము ఇంకా దూరమే. బొలోన్యా విద్యార్థులు అద్దెల కొరకు ఒక కట్టుగా నిలిచారు. రెడ్డి హాస్టలు గది ఇచ్చినది. నాగపూర్ చేర్చుకొన్నది. వీటిలో ఏదీ సంఘమునకు అసాధ్యము కాదు. పంట డబ్బు వచ్చేవరకు ఫీజుకు చేబదులు ఇచ్చే చిన్న నిధి, ప్రాంగణము దగ్గర నమ్మదగిన ఒక ఇంటి చిరునామా, ప్రవేశ పత్రములు నింపించే ఒక సాయంకాలము స్థానిక సంఘము చేయగలిగినవే. వాటితోపాటు మన సొంత వేదాంత కళాశాలల గుమ్మము దగ్గర నేడు ఎవరు ఆగిపోయి ఉన్నారో ప్రతి కాపరి, ప్రతి విద్యార్థి విచారించవలెను. ఎలెనాను ఆపినది అజ్ఞాని కాదు, చదువుకొన్న బిషప్పే.