అమరావతి రాళ్ళ మీద ఆడవాళ్ళ పేర్లు

ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర నిలబడితే కృష్ణ అవతలి ఒడ్డంతా రాజధాని ప్రాంతమే. మైలవరం నుంచి అంత దగ్గర. అయినా పెళ్ళయి ఈ ఊరొచ్చిన పదిహేడేళ్ళలో నేను అమరావతి వెళ్ళింది రెండుసార్లే. రెండూ కార్తీక మాసంలోనే. స్నానం, దీపం, దర్శనం, తోపులాటలో తప్పిపోయిన చెప్పులు వెతుక్కోవడం, మళ్ళీ బస్సు. అక్కడ స్తూపం ఉందని తెలుసు. చూడాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఈసారి మా అమ్మాయి పట్టుబట్టింది. తొమ్మిదో తరగతి. శాతవాహనుల రాజధాని ధాన్యకటకం మన పక్కనే ఉంటే మనమేమిటి హైదరాబాదు వెళ్ళి చార్మినార్ చూసొచ్చాం అని దాని వాదన. ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక (2025 ఆగస్టు 15 నుంచి) ఖర్చు వంక కూడా చెప్పలేకపోయాను. మార్గశిరంలో ఒక ఆదివారం చూసుకుని నేను, మా అత్తయ్యగారు, అమ్మాయి బయలుదేరాం. మ్యూజియానికి శుక్రవారం సెలవు, వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలో పెట్టి, అయిదున్నరకల్లా బస్టాండులో ఉన్నాం. బెజవాడలో బస్సు మారి, కృష్ణ దాటి, ఉండవల్లి, తుళ్ళూరు మీదుగా వెళ్ళాలి. దారి పొడుగునా కొత్త రాజధాని క్రేన్లు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది దానికి. అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని, "ఇక్కడంతా అరటితోటలుండేవే" అంటూనే ఉన్నారు. పాత రాజధాని చూడ్డానికి కొత్త రాజధాని మధ్యలోంచి వెళ్ళడం ఇక్కడే కుదురుతుందేమో.

ముందు అమరేశ్వరుడి గుడికి వెళ్ళాం, మధ్యాహ్నం మూసేస్తారు కదా. పంచారామాల్లో ఒకటి. తెల్లని లింగం ఎంత పొడుగంటే పూజారి పై అంతస్తు ఎక్కి అభిషేకం చేస్తారు. అర్చన చేయిస్తుంటే పూజారి గోత్రనామాలు అడిగారు. అత్తయ్య గడగడా చెప్పేశారు. గోత్రం, మామయ్యగారి పేరు, ఇద్దరు కొడుకులు, నేను, తోడికోడలు, అయిదుగురు మనవళ్ళు మనవరాళ్ళు. అప్పుడు నేనేమీ గమనించలేదు. అది తర్వాత సంగతి.

ఈ ఊరు ఇప్పుడున్న రూపంలో కట్టింది రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. 1790లలో చింతపల్లి నుంచి తన మకాం ఇక్కడికి మార్చారు. చెంచుల్ని చంపించిన పాపం పోగొట్టుకోవడానికి అమరేశ్వరుడి దగ్గరికి వచ్చాడని జనం చెప్పుకునే కథ. అత్తయ్యకి కథ మొత్తం తెలుసు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతే పురుగులయ్యేదట. కథ సంగతి ఎలా ఉన్నా, కొత్త ఊరికి రాయి కావాలి కదా. ఊరి బయట "దీపాల దిన్నె" అని ఒక మట్టిదిబ్బ ఉండేది. తవ్వితే మంచి రాయి. అది స్తూపమని ఎవరికీ గుర్తు లేదు. కొన్ని రాళ్ళు కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. పాలరాయిలా కనిపించినా అది పల్నాటి సున్నపురాయే, కాల్చితే సున్నమే అవుతుంది.

1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించేటప్పటికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వేసి ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి, వాటిలో చాలావాటిని 1859లో ఓడెక్కించి లండన్ పంపారు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో వాటికోసం ప్రత్యేకంగా ఒక గది ఉంది. 1880లో మద్రాసు గవర్నరు దిబ్బంతా శుభ్రం చేయించమంటే, ఉన్న కాస్త ఆనవాలూ పోయింది.

అందుకే స్తూపం దగ్గరికి వెళ్ళిన మా అమ్మాయి మొహం వాడిపోయింది. దాదాపు 50 మీటర్ల వ్యాసం ఉన్న మహాచైత్యంలో మిగిలింది గుండ్రటి పునాది, చుట్టూ కొన్ని నిలువు రాళ్ళు, పచ్చగడ్డి. "ఇంతేనా అమ్మా?" అంది. నాకూ ఏం చెప్పాలో తోచలేదు.

మ్యూజియంలో కాస్త ప్రాణం వచ్చింది. టికెట్టు ఓ కప్పు టీ కన్నా చవక. స్తూపం నమూనా, మళ్ళీ నిలబెట్టిన ప్రాకారం ముక్క, తామరపూల పతకాలు. అక్కడున్న ఒకాయన (ఉద్యోగో, గైడో అడగలేదు) రాళ్ళ మీద గీతల్లా ఉన్నది చూపించి, ఇది బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష, దానం ఇచ్చినవాళ్ళ పేర్లు అని చెప్పారు. రాజులు కట్టించారనుకున్నాను నేను. కాదట. ఒక్కో పలక, ఒక్కో స్తంభం, ఒక్కో అడ్డరాయి ఒక్కో కుటుంబం ఇచ్చింది. వ్యాపారులు, భిక్షువులు, భిక్షుణులు, మామూలు గృహస్థులు.

ఇంటికొచ్చాక ఆ శాసనాల గురించి దొరికినంత చదివాను. గృహస్థుడిని "గహపతి" అన్నారు. అతని భార్యని "ఘరణి" అన్నారు, అంటే గృహిణి. ప్రతి ఫారంలోనూ వృత్తి దగ్గర ఈ మాటే కదా నేను రాసేది! రాస్తూ కాస్త చిన్నబుచ్చుకునేదాన్ని కూడా. రెండు వేల ఏళ్ళ నాటి రాతి మీద ఆ మాట చెక్కి ఉందంటే నమ్మడానికి కొంచెం టైం పట్టింది. దాతల్లో ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు, తమ సొంత పేర్లతో. సన్యాసం పుచ్చుకున్నాక కూడా కూతుళ్ళని కలుపుకుని దానం ఇచ్చిన భిక్షుణులున్నారు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది విధికుడిది. తోలుపని చేసేవాడు. తండ్రి నాగ, ఉపాధ్యాయుడు. పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు నాగ, కూతుళ్ళు, చుట్టాలు, స్నేహితులు, అందరినీ కలుపుకుని ఇస్తున్నట్టు రాయించాడు. చూశారా, కొడుక్కి తాత పేరే పెట్టుకున్నాడు, మనలాగే. కానీ ఒకటి కూడా గమనించాను. తండ్రి పేరుంది, కొడుకు పేరుంది. తల్లి తల్లిగానే, భార్య భార్యగానే మిగిలారు. పేర్లు లేవు. పక్క రాళ్ళ మీద ఆడవాళ్ళు పేర్లు రాయించుకున్న కాలంలోనే ఇదీ ఉంది. ఆ కాలం బంగారమనీ అనలేం, చీకటనీ అనలేం.

తెలుగు మాట "నాగబు" మొదటగా కనిపించింది కూడా ఇక్కడి రాతి మీదే, వేటూరి ప్రభాకర శాస్త్రిగారు గుర్తించారు.

ఇంకో సంగతి. స్తూపం ఒక్కసారిగా మూతపడలేదు. 1182లో కోట వంశపు కేతరాజు అమరేశ్వరుడి గుడిలోనే శాసనం వేయించి, బుద్ధుడికి అఖండ దీపాలు ఇచ్చాడు. 1344 నాటి శ్రీలంక శాసనం ఒకటి, ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో గుడి బాగుచేయించాడని చెబుతుంది. ఆ తర్వాత నాలుగైదు వందల ఏళ్ళలోనే మనం అంతా మరిచిపోయాం.

చెట్టు కింద పులిహోర తింటుంటే మా అమ్మాయి అడిగింది. "నానమ్మా, పొద్దున పూజారిగారికి అందరి పేర్లూ చెప్పావు, నీ పేరు చెప్పలేదేం?" అత్తయ్య నవ్వారు. "నాదెందుకే, మీరంతా బాగుంటే చాలు" అన్నారు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడకుండా తిన్నారు. ఆ వయసు ఆడవాళ్ళు ఇలా ఎన్ని అర్చనల్లో తమ పేరు వదిలేసి ఉంటారో. నేను మాత్రం తక్కువా? ఇంట్లో నా పేరు మీద ఉన్నది గ్యాస్ కనెక్షన్ ఒక్కటే.

125 అడుగుల ధ్యాన బుద్ధుడి దగ్గర ఎండ మండిపోతోంది, పావుగంటలో తిరిగొచ్చేశాం. వెనక్కి వచ్చేటప్పుడు ఉండవల్లి గుహల దగ్గర దిగాం. నాలుగు అంతస్తులు, కొండని తొలిచి కట్టినవి. మెట్లెక్కడానికి అత్తయ్య మోకాళ్ళు ఒప్పుకోవేమో అనుకున్నాను. అనంతపద్మనాభస్వామి పడుకుని ఉన్నాడంటే మాకన్నా ముందే ఎక్కేశారు. చల్లటి రాతి మీద, స్వామి పాదాల దగ్గర చాలాసేపు కూర్చున్నారు. అక్కడ తన పేరు చెప్పుకున్నారో లేదో నాకు తెలీదు, పెదాలు కదలడం మాత్రం చూశాను.

టికెట్లు, ఆటో, అర్చన, కొబ్బరిబోండాలు, బెజవాడ బస్టాండులో కాఫీ కలిపి ముగ్గురికీ అయింది 410 రూపాయలు. బస్సుకి ఒక్క రూపాయీ కాలేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. చివరి బస్సులో కండక్టరు అత్తయ్య కార్డు మీద పేరు పైకి చదివితే, పొద్దుటి మాట గుర్తొచ్చి ముగ్గురం నవ్వుకున్నాం.

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. అమరావతి రాళ్ళు ఎక్కువగా మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయట, లండన్ పోలేం కానీ మద్రాసు పోలేమా అని మా అమ్మాయి మొదలుపెట్టింది. నేను గిన్నెలు తోముకుంటున్నాను. "రైలుకి ఎంతవుద్దో కనుక్కోండి" అని హాల్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది.