పారాచూట్ చిన్న భాగాల తనిఖీ: చరిత్ర

స్కైడైవింగ్ పారాచూట్‌లోని సూదులు, లూపులు, రింగులు, లింకులు, తీగలు వంటి చిన్న భాగాలను క్రమం తప్పకుండా చూసి, శుభ్రం చేసి, అరిగినవాటిని మార్చే పనికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దూకేవారి వీపున ఉండే సంచిని కంటైనర్ అంటారు. అందులో రెండు పారాచూట్లు ఉంటాయి. మామూలుగా తెరిచేది మెయిన్, అది పనిచేయకపోతే తెరిచేది రిజర్వ్. ఈ రెంటి గుడ్డ, తాళ్లు, పట్టీలన్నీ కలిపి ఎంత బరువున్నా, ఒక్కోదాన్ని మూసి ఉంచేది మాత్రం వేలెడు పొడవు దారపు లూపు, అందులో దూర్చిన ఒక సూది. ఈ తనిఖీ మొదట గుడ్డ కోసం పుట్టింది. తర్వాత పారాచూట్ మెరుగుపడిన ప్రతిసారీ బాధ్యత మరింత చిన్నదైన, మరింత మెత్తనైన భాగం మీదికి చేరుతూ వచ్చింది. కాబట్టి కొత్త పరికరాలు తనిఖీ అవసరాన్ని తగ్గించాయన్న మాట సగమే నిజం. అవి దాని చోటును మార్చాయి. ఎక్కడ చూడాలో కొత్తగా నేర్చుకోవాల్సిన పని ప్రతి తరానికీ మిగిలింది.

1797 అక్టోబరు 22న ఆండ్రే-జాక్ గార్నెరిన్ ప్యారిస్‌లో బెలూన్ నుంచి పారాచూట్‌తో దిగాడు. ఆ తర్వాతి శతాబ్దమంతా పారాచూట్ ప్రదర్శనల వస్తువుగానే మిగిలింది. అసలు కథ 1919 ఏప్రిల్ 28న మొదలవుతుంది. ఆ రోజు అమెరికాలోని డేటన్ దగ్గర మెకుక్ ఫీల్డ్‌లో లెస్లీ ఇర్విన్ విమానం నుంచి దూకి, గాలిలో తన చేత్తో రిప్‌కార్డ్ లాగి పారాచూట్ తెరిచాడు. రిప్‌కార్డ్ అంటే ఒక కొసన పిడి, మరో కొసన సూదులు ఉన్న ఉక్కు తీగ. సంచి ఒక మూతకు కుట్టిన చిన్న లోహపు శంకువులు ఎదుటి మూతల రంధ్రాల్లోంచి పైకి వస్తాయి. శంకువుల కొన దగ్గరి బెజ్జాల్లో సూదులు దూరి ఉంటాయి. పిడి లాగితే సూదులు జారి, మూతలు విడిపోతాయి. ఆనాటి తనిఖీ అంటే సూది వంగిందా, తుప్పు పట్టిందా, శంకువు అంచు చెదిరిందా అని చూడటమే. అంతకు మించిన శ్రద్ధ అంతా గుడ్డ మీదే ఉండేది, అందుకు కారణమూ ఉంది. అప్పటి పారాచూట్లు పట్టువి. పట్టు తేమ పీల్చుకుంటుంది, బూజు పడుతుంది, మడతల్లో అతుక్కుంటుంది. అందుకే వాటిని విప్పి ఎత్తయిన బురుజుల్లో వేలాడదీసి ఆరబెట్టేవారు. రిజర్వ్‌ను అరవై రోజులకొకసారి విప్పి మడవాలన్న అమెరికన్ నియమం ఈ పట్టుకాలపు భయాన్నే మోసుకొచ్చింది. పట్టువంటి సహజ నారతో చేసిన పారాచూట్లకు అమెరికాలో ఆ 60 రోజుల గడువే ఇప్పటికీ ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో నైలాన్ వచ్చింది. బూజు భయం పోయింది గానీ నియమం వెంటనే మారలేదు. గడువు 1970ల చివర్లో 120 రోజులకు, 2008 డిసెంబరు 19 నుంచి 180 రోజులకు పెరిగింది. ఈ రెండో పెంపు వెనుక ఉన్న వాదన గమనించదగినది. నేటి గుడ్డ సంచిలో ఉండి పాడవడం కన్నా, మాటిమాటికీ విప్పి, లాగి, నలిపి మడవడం వల్ల ఎక్కువగా అరుగుతుందని తయారీదారులు, పారాచూట్లను మడిచి తనిఖీ చేసే నిపుణులైన రిగ్గర్లు వాదించారు. ఆ వాదన సరైనదే. అయితే అది గుడ్డకు మాత్రమే వర్తిస్తుంది. మూత ఎత్తి సూదిని చూడటానికి, లూపు నూలు చిట్లిందేమో వెతకడానికి, రింగుల అమరిక పరిశీలించడానికి రిజర్వ్‌ను విప్పనక్కర్లేదు. రిగ్గర్ ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చే వైద్యుడి వంటివారైతే, మిగతా రోజులన్నీ ఆ ఒంటిని కనిపెట్టి ఉండాల్సింది దాన్ని మోసేవారే. గడువు పెరిగిన కొద్దీ ఈ రోజువారీ చూపు విలువ పెరిగింది.

చిన్న భాగాల చరిత్రలో అత్యంత సారవంతమైన కాలం 1970లు. అంతకుముందు మెయిన్ పారాచూట్ చిక్కుబడితే దాన్ని వదిలించుకోవడానికి భుజాల దగ్గర కేప్‌వెల్ అనే లోహపు కొక్కేలు వాడేవారు. బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో మూత తెరిచి, లోపలి తీగ ఉంగరంలో బొటనవేలు దూర్చి లాగాలి. అదీ రెండు భుజాల దగ్గర విడివిడిగా. ఒకవైపు ఊడి మరోవైపు ఊడకపోతే మనిషి బొంగరంలా తిరిగేవాడు. లోపలి లోహ భాగాల్లో ఇసుక చేరినా, దెబ్బ తగిలి ఏ మూల సొట్ట పడినా, పైకి కనిపించేది కాదు. 1970ల మధ్యలో బిల్ బూత్ రూపొందించిన త్రీ-రింగ్ పద్ధతి ఈ కొక్కేన్ని దాదాపు చరిత్రలో కలిపేసింది. ఇది నిస్సందేహంగా ఈ క్రీడ చూసిన అత్యంత అందమైన యాంత్రిక ఆలోచనల్లో ఒకటి. ఒంటి పట్టీకి ఒక పెద్ద రింగు ఉంటుంది. పారాచూట్ వైపు నుంచి వచ్చే రైజర్ అనే పట్టీకి మధ్య రింగు, చిన్న రింగు ఉంటాయి. మధ్యది పెద్దదాని గుండా దూరి మడత పడుతుంది, చిన్నది మధ్యదాని గుండా అలాగే దూరి మడత పడుతుంది. చిన్న రింగును ఒక తెల్లని దారపు లూపు బిగించి పడుతుంది. ఆ లూపు రైజర్‌లోని లోహపు కన్ను గుండా వెనక్కు వెళ్తుంది, అక్కడ అందులోంచి పసుపు పూత ఉన్న ఒక తీగ సాగుతుంది. ప్రతి రింగూ ఒక మీటకోలలా పనిచేసి బరువును తగ్గించుకుంటూ పోతుంది. మనిషి మొత్తం బరువు, తెరుచుకునేటప్పటి కుదుపుతో సహా, చివరి లూపు దగ్గరికి చేరేసరికి అతి చిన్న భాగంగా మిగులుతుంది. ఒక పిడి లాగితే రెండువైపుల తీగలూ జారి, రెండు భుజాలూ విడిపోతాయి.

ఈ ఉపాయంలోనే దాని అవసరాలూ దాగి ఉన్నాయి. బరువు తగ్గడమంతా రింగుల వరుస, కొలతల మీద ఆధారపడింది. లూపు చిన్న రింగునే కాక మధ్య రింగును కూడా చుట్టుకుంటే ఒక మీటకోల మాయమవుతుంది, పిడి బిగుసుకుంటుంది. బయటినుంచి చూసేవారికి అది దాదాపు సరిగ్గానే అనిపిస్తుంది. రెండో బలహీనత వాడకం వల్ల కాక వాడకపోవడం వల్ల పుట్టేది. నైలాన్ పట్టీ నెలల తరబడి రింగు చుట్టూ ఒకే మడతలో ఉంటే ఆ వంపుకు అలవాటు పడి గట్టిపడుతుంది. తీగ మీది పూతకు దుమ్ము, జిడ్డు పట్టి జారుడు తగ్గుతుంది. అందుకే తయారీదారుల సూచనల్లో నెలకోసారి రింగులు విప్పడం, పట్టీని చేత్తో అటూ ఇటూ వంచి మెత్తబరచడం, తీగను తుడిచి పలుచగా సిలికాన్ పట్టించడం, తెల్లని లూపు చిట్లలేదని చూడటం కనిపిస్తాయి. దూకకుండా ఇంట్లో పెట్టిన సరంజామాకూ ఇది తప్పదు. తర్వాత వచ్చిన ఇరుకైన రైజర్లు, చిన్న రింగులు గాలి నిరోధాన్ని తగ్గించాయి గానీ మీటకోల లాభాన్నీ కొంత తగ్గించాయి. అందువల్ల వాటి తయారీలో, తనిఖీలో తప్పుకు చోటు ఇంకా తగ్గింది. తాళ్లు మెలిపడి రైజర్లను పిండితే తీగ కొస ఇరుక్కోకుండా రైజర్లలో గట్టి గొట్టాలు పెట్టడం కూడా ఇలా అనుభవం నుంచి వచ్చిన దిద్దుబాటే.

అదే దశకంలో శంకువులు పోయి దారపు లూపులు వచ్చాయి. మెయిన్ పారాచూట్‌ను బయటికి లాగే పైలట్ చూట్ అనే చిన్న గొడుగును దూకేవారు చేత్తో గాలిలోకి విసిరే పద్ధతి కూడా బూత్‌దే. దాని నాడాకు కుట్టిన వంపు సూది లూపులోంచి జారగానే సంచి తెరుచుకుంటుంది. లోహంతో లోహం రాసుకునే చోట ఇప్పుడు లోహంతో దారం రాసుకుంటుంది, కాబట్టి అరిగేది దారమే. లూపు వదులైనా, చిట్లినా సంచి వేళ కాని వేళ తెరుచుకోవచ్చు. పైలట్ చూట్ ఇంకా తన జేబులోనే ఉండగా పారాచూట్ వీపు మీదినుంచి లేచిపోతే, రెండు కొసలూ మనిషికే అంటుకుని గుర్రపునాడా ఆకారంలో ఎగురుతుంది. అనుభవజ్ఞులు ఎక్కువగా భయపడే చిక్కుల్లో ఇదొకటి. జేబు సాగేగుడ్డ పట్టు కోల్పోయినా పైలట్ చూట్ తానంతట తానే జారిరావచ్చు. విమానం తలుపు దగ్గర అలా జరిగితే మిగతావారికీ ముప్పే. తెరుచుకున్నాక పైలట్ చూట్‌ను ముడిచేసే లోపలి తాడు వచ్చాక మరో చూపు అవసరమైంది. మడిచేటప్పుడు ఆ తాడును మళ్లీ లాగి పెట్టారో లేదో తెలియడానికి నాడాలో చిన్న కిటికీ పెట్టి, తాడుకు రంగు వేస్తారు.

1991లో జర్మనీకి చెందిన ఎయిర్‌టెక్ సంస్థ సైప్రెస్ అనే పరికరాన్ని విడుదల చేసింది. దాన్ని రూపొందించినవాడు హెల్ముట్ క్లోత్. మనిషి స్పృహ తప్పినా, ఎత్తు మరిచినా ఇది రిజర్వ్‌ను తెరుస్తుంది. సెకనుకు 35 మీటర్ల కంటే వేగంగా పడుతూ సుమారు 225 మీటర్ల ఎత్తుకు చేరితే పనిచేయడం దాని సాధారణ అమరిక. అంతకుముందున్న యంత్రాలు సూదిని లాగేవి. సైప్రెస్ సూది జోలికే పోదు. వేలి కొసంత కట్టర్‌లోని బ్లేడు రిజర్వ్ లూపునే తెంచేస్తుంది. ఎందరి ప్రాణాలనో నిలబెట్టిన ఈ పరికరం కూడా చివరికి ఆ లూపు మీదే ఆధారపడింది. లూపు కట్టర్ గుండా సరిగ్గా వెళ్లాలి, తగిన బిగువులో ఉండాలి, తెగాక అడ్డు లేకుండా జారాలి. తొలి నమూనాకు నాలుగేళ్లకోసారి కర్మాగారంలో పరీక్ష, పన్నెండేళ్ల ఆయువు, రెండేళ్లకు లేదా 500 దూకుళ్లకు కొత్త బ్యాటరీ నిర్ణయించారు. 2011లో మరో తయారీదారు కట్టర్లు లూపును పూర్తిగా తెంచలేదన్న సందర్భాలు బయటపడ్డాక, పలు కంటైనర్ సంస్థలు ఆ పరికరాన్ని తమ సంచుల్లో వాడకుండా ఆపేశాయి. ఎలక్ట్రానిక్స్ ఎంత తెలివైనవైనా, చివరి అంగుళంలో జరిగేది బ్లేడుకూ దారానికీ మధ్య వ్యవహారమే.

అన్నిటినీ లోహంతో చేసి ఈ బెడద వదిలించుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజమే. తాళ్లను రైజర్లకు కలిపే లింకుల కథ దీనికి జవాబు చెబుతుంది. మరతో బిగించే ఉక్కు లింకును వేళ్లతో బిగించి, ఆపైన రెంచితో పావు చుట్టు తిప్పాలి. తక్కువైతే కుదుపులకు వదులవుతుంది, ఎక్కువైతే మర గొట్టం పగులుతుంది. ఆ పగులు వెంట్రుకవాసి కూడా ఉండకపోవచ్చు. దారంతో అల్లిన మెత్తని లింకు అరిగితే నూగు లేచి కంటికి కనిపిస్తుంది. అయితే దాని కొసను రైజర్ లోపల దాచి రెండు కుట్లు వేసి నిలపాలి, లేకపోతే అది జరిగి అరుగుతుంది. లోహం లోపాన్ని దాస్తుంది, దారం చూపిస్తుంది. చూసేవారు ఉంటేనే చూపించడం వల్ల ప్రయోజనం. కంటికి ఏ మాత్రం కనిపించని కీడూ ఒకసారి ఎదురైంది. 1980ల్లో తయారైన కొన్ని గుండ్రటి రిజర్వ్‌లలో వలగుడ్డ పట్టీ నుంచి వచ్చిన ఆమ్లం పక్కనున్న నైలాన్‌ను బలహీనపరిచింది. చూడటానికి చెక్కుచెదరని గుడ్డ చేత్తో లాగితే చిరిగేది. రిగ్గర్లు బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రసాయనాన్ని వలగుడ్డ మీద వేసి, పసుపు రంగుకు మారితే ఆమ్లం ఉన్నట్టు తేల్చేవారు. ఆపైన గుడ్డను కొలిచిన బలంతో లాగి చూసేవారు.

ఇంత తనిఖీ అవసరమా అనే బలమైన అభ్యంతరం వేరే ఉంది. ఇటీవలి దశాబ్దాల్లో చాలా మరణాలు బాగా తెరుచుకున్న పారాచూట్ కింద, నేలకు దగ్గర్లో తిప్పిన పదునైన మలుపుల వల్ల జరిగాయి. 1970ల్లో అమెరికాలో ఏటా సగటున 42 మందికి పైగా మరణించగా, 2023లో ఆ సంఖ్య 10. లోపం మనిషిదైనప్పుడు లూపు, రింగు అంటూ ఇంత శ్రమ ఎందుకన్నది ప్రశ్న. దీనికి రెండు జవాబులున్నాయి. పరికరాలు అరుదుగా విఫలమవుతున్నాయంటే అవి తమంతట తాము బాగుంటున్నాయని కాదు, వాటిని చూస్తున్నారని. రెండోది లెక్క రాసే తీరుకు చెందినది. స్వేచ్ఛగా పడే మనిషి సెకనుకు 50 మీటర్లకు పైగా దిగుతాడు. అరిగిన లూపు వల్ల సంచి ముందే తెరుచుకుని, ఏం చేయాలో తేల్చుకోవడానికి ఐదు సెకన్లు పడితే 250 మీటర్లు పోయినట్టే. నివేదికలో అది ఆలస్యంగా తీసుకున్న నిర్ణయంగా నమోదవుతుంది. ఆ నిర్ణయాన్ని అవసరం చేసిన దారం గురించి ఒక వాక్యమైనా ఉంటుందో ఉండదో.

ఎవరు చూడాలన్న విషయంలో సైన్యానికీ క్రీడకూ దారులు వేరు. సైన్యాల్లో దూకేవారి పారాచూట్‌ను శిక్షణ పొందిన వేరే సిబ్బంది మడుస్తారు. భారతదేశంలో పారాచూట్ల పరిశోధన, పారాట్రూపర్ల శిక్షణ ఆగ్రాలోనూ, తయారీ కాన్పూర్‌లోనూ స్థిరపడ్డాయి. అమెరికన్ క్రీడారంగంలో మెయిన్‌ను దూకేవారే మడుచుకోవచ్చు. రిజర్వ్‌ను మాత్రం లైసెన్సు ఉన్న రిగ్గర్ మడిచి, సూదికి సన్నని ఎర్ర దారం కట్టి, తన గుర్తుతో సీసపు ముద్ర వేసి, కార్డు మీద తేదీ రాయాలి. ఈ విభజనలో ఒక ఖాళీ మిగిలిపోయింది. చట్టం రోజులు లెక్కపెడుతుంది, మెయిన్ లూపు మాత్రం దూకుళ్లతో, ఇసుకతో, ఎండతో అరుగుతుంది. వారాంతంలో పది సార్లు దూకిన లూపుకూ ఆరు నెలలు మూలన ఉన్న లూపుకూ కార్డు మీది తేదీ ఒకటే కావచ్చు. ఆ ఖాళీని పూడ్చింది ఆచారమే. సరంజామా తగిలించుకునే ముందు ఒకసారి, విమానంలో తలుపు తెరవకముందు మరొకరి చేత ఇంకోసారి సూదులు చూపించుకుంటారు. లూపు మందంలో పదోవంతు అరిగినా తీసేయాలన్న కొలత వాడుకలో ఉంది. మడత బల్లల దగ్గర కొత్త లూపులు సిద్ధంగా వేలాడుతుంటాయి, ఒకటి మార్చడానికి కొన్ని నిమిషాలు చాలు.