కామాఠీపురా: చేతులతో పోసిన నేల

ముంబయి మహానగరం నిలిచి ఉన్న నేలలో అధికభాగం ఒకప్పుడు సముద్రపు పాయ, ఉప్పుచవుడు, బురద. 1668లో ఈస్టిండియా కంపెనీ వశమైనప్పుడు ఇది కొలాబా, మాజ్‌గావ్, పరేల్, వర్లీ, మాహిం మొదలైన ఏడు దీవుల సముదాయం మాత్రమే. ఆ దీవులను ఒక్కటిగా అతికించిన చరిత్రలో గవర్నర్ల పేర్లు, ఇంజనీర్ల పేర్లు పదిలంగా ఉన్నాయి. పలుగు, పార, తట్ట పట్టిన వారికి మిగిలినది ఒక పేట పేరు. అదే కామాఠీపురా.

వర్లీకి, మహాలక్ష్మి వైపు కొండకు నడుమ ఉన్న పెద్ద గండి గుండా పోటు సమయంలో సముద్రజలం నగర మధ్యభాగంలోకి చొచ్చుకువచ్చేది. గవర్నర్ విలియం హార్న్‌బీ కాలంలో, 1784 నాటికి, ఆ గండికి అడ్డకట్ట పూర్తయింది. అదే హార్న్‌బీ వెల్లార్డ్. సముద్రాన్ని ఆపినంతమాత్రాన భూమి సిద్ధం కాలేదు. కట్టకు లోపల మిగిలిన పల్లం పోటుమట్టం కంటె దిగువన ఉంది. వానకాలంలో నిలిచిన నీరు బయటికి పోవాలంటే ఆటు సమయం కోసం తూములవద్ద వేచి ఉండవలసిందే. హాలెండు దేశస్థులు ఇట్టి పల్లపు నేలలోని నీటిని యంత్రాలతో తోడి, అక్కడే సేద్యం చేశారు. బొంబాయిలో పల్లాన్ని పూడ్చి ఎత్తు పెంచడమే ప్రధాన మార్గమైంది. ఆ పనికి వేలకొలది చేతులు కావలసి వచ్చాయి.

18వ శతాబ్ది చివరి దశలో నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుండి కూలీలు, చేతిపనివారు బొంబాయికి వలస రాసాగారు. వాడీ నుండి సికింద్రాబాదుకు రైలుమార్గం 1874లోగాని ఏర్పడలేదు గనుక, తొలితరాల వారు కాలినడకన, బండ్లమీద వచ్చినవారే. స్థానికులు వారిని కామాఠీలు అన్నారు. అది ఒక్క కులానికి చెందిన పేరు కాదు. తెలుగు నేల నుండి వచ్చిన పలు కులాల శ్రామికులను కలిపి పిలిచిన ఉమ్మడి పేరు. 1793లో నిర్మితమైన బెల్లాసిస్ రోడ్డుకు దక్షిణాన, వరదముంపు ఇంకా పూర్తిగా తొలగని పల్లంలో వారు గుడిసెలు వేసుకొన్నారు. నగరానికి మెరక కల్పించే శ్రామికులకు నివాసంగా లభించినది పల్లమే.

మట్టిపని అనగానే మొరటు శ్రమ అని తలచడం పరిపాటి. అందులోని నేర్పు తక్కువది కాదు. పురుషులు తవ్వగా, స్త్రీలు తలపై చుట్టకుదురు పెట్టుకొని తట్టలతో మోసేవారు. తవ్విన గుంతలో అక్కడక్కడా మట్టిదిమ్మెలను కదపక వదిలేవారు. వాటి ఎత్తును బట్టి ఎంత మట్టి తీసినదీ లెక్క తేలేది, కూలి నిర్ణయమయ్యేది. పోసిన మట్టిని పొరలు పొరలుగా పరచి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. ఒక్కసారిగా గుట్టగా పోసిన మట్టి తరువాత కుంగి, పైకట్టిన గోడను చీల్చుతుంది. అన్నిటికంటె ముఖ్యమైనది నీటివాలు. నేల కంటికి చదునుగా కనబడాలి, వాననీరు మాత్రం కాలువవైపే సాగిపోవాలి. వాలు తప్పితే ఎంత గట్టి కట్టడమైనా మురుగులో నిలబడవలసినదే.

పూడ్చే సామగ్రి కొరకు డోంగ్రీ, చించ్‌బందర్ ప్రాంతాల గుట్టలను తొలిచారు. నగరపు పల్లాలలో అనేకచోట్ల ఊరి చెత్తనే పోసి మెరక చేశారు. కుళ్లి కుంగే ఆ నేలపై ఇరుకైన చాల్‌లు లేచాయి. మురుగునీటికి వాలు చాలలేదు. 1896లో ప్లేగు విరుచుకుపడిన తరువాతనే, 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. దాని తొలి పథకాలలో ఒకటి కామాఠీపురాను ఆనుకొని ఉన్న నాగ్‌పాడా. తూర్పు తీరంలో 1914లో ముగిసిన అలెగ్జాండ్రా డాక్ తవ్వకపు మట్టితోనే బల్లార్డ్ ఎస్టేట్ నేలను తయారుచేశారు. ఒకచోట గొయ్యి, మరొకచోట మెరక. నగరమంతా ఈ లెక్కమీదనే పెరిగింది.

ఈ శ్రామికుల నడుమనుండి కాంట్రాక్టర్లుగా ఎదిగిన తెలుగువారూ ఉన్నారు. మహాత్మా జ్యోతిబా ఫూలే 1873లో సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచిన వారిలో జయ కరాడీ లింగు, వ్యంకూ బాలాజీ కాలేవార్, రామయ్య వ్యంకయ్య అయ్యవారు స్మరణీయులు. ఫూలే స్వయంగా కాంట్రాక్టు పనులు నిర్వహించినవారు. కూలివాని కష్టం ఎరిగినవారు. శ్రామికుల బిడ్డలకు చదువు అందాలన్న ఆ సమాజపు ఆశయం తెలుగువారికి పరాయిది కాలేదు. తరువాతి కాలంలో నగరపాలక సంస్థ తన పాఠశాలల్లో మరాఠీ, ఉర్దూ, గుజరాతీ మొదలైన భాషలతోపాటు తెలుగులోనూ బోధన జరిపింది.

కాలక్రమాన కామాఠీపురా పేరు చెప్పగానే లోకానికి వేరొక వ్యాపారమే స్ఫురించే దుస్థితి కలిగింది. అక్కడి చాల్‌లలో పుట్టి పెరిగిన ఎందరో తెలుగు బిడ్డలు తమ చిరునామా చెప్పడానికి వెనుకాడారు. సంఖ్యలతో పిలువబడే ఆ గల్లీలలో బ్రతుకు బలిచేసుకోవలసి వచ్చిన స్త్రీలను నిందించడం దీనికి పరిహారం కాదు. వారూ లేమి తరిమివేసిన వారే. ఆ పేరు ఎవరి శ్రమవలన వచ్చినదో పిల్లలకు బోధించడమే పరిహారం.

2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసి నగరం మునిగినప్పుడు, పూర్వపు పల్లాలను నీరు మరల గుర్తుచేసింది. నేడు వర్లీలోని లవ్‌గ్రోవ్ వద్ద పెద్ద పంపులు వాననీటిని సముద్రంలోకి తోడుతున్నాయి. యంత్రాలు వచ్చినా సమస్య మాత్రం కామాఠీలు ఎదుర్కొన్నదే: పోటుకు లోబడిన నేలనుండి నీటిని పంపడం ఎట్లు?

కట్టడాలకు శిలాఫలకాలు ఉంటాయి. పునాదికింది నేలకు ఫలకం ఉండదు. మన విద్యార్థులు తమ పేట పేరును తలవంచుకోక పలికిన నాడు ఆ లోటు కొంత తీరుతుంది. తాతముత్తాతలు తట్టతో మోసిన మట్టిపైనే ఈ మహానగరం నిలిచి ఉన్నదన్న ఎరుక, ప్రతి తెలుగు ఇంటినుండి బడికి వచ్చే బిడ్డకు దక్కవలసిన వారసత్వం.