రెండు మహమ్మారులు, తిండిగింజలు

1918 నాటి ఇన్‌ఫ్లూయెంజాను మన చరిత్రకారులు చాలాకాలం వైద్యులకు వదిలేశారు. అది నాకు సమ్మతం కాదు. బ్రిటిషిండియాలో ఆ జ్వరం కోటీ యిరవై లక్షలకు తక్కువ కాకుండా ప్రాణాలు తీసింది. 1911-1921 మధ్య దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. యింతమందిని రోగమొక్కటే పొట్టన పెట్టుకున్నదా?

ఆ యేడే నైరుతి వానలు యెత్తిపోయినవి. యుద్ధం పేరుతో గోధుమలు అప్పటికే ఓడలెక్కి వెళ్ళినవి. క్షామ నియమావళి వుండకపోలేదు. కాని అది కూలిపని చూపించి డబ్బులిచ్చేది, గింజలు తెచ్చే బాధ్యత మాత్రం వర్తకుడిదే. రోగం రెండోసారి విజృంభించిన సెప్టెంబరులోనే మద్రాసు నగరంలో బియ్యం కొట్లు లూటీ అయినవి. దొరతనం వారికది శాంతిభద్రతల సమస్య. ధాన్యం వర్తకుడి దగ్గర వున్నది, తుపాకి దొర దగ్గర వున్నది, కూలివాడి దగ్గర వున్నది బేడో పావలానో.

2020లో కరోనా వచ్చింది. ఏప్రిల్ 1 నాటికి ప్రభుత్వ గిడ్డంగులలో 7 కోట్ల టన్నులకు పైగా బియ్యం, గోధుమలు వున్నవి. నిబంధన ప్రకారం వుండవలసింది 2 కోట్ల 10 లక్షల టన్నులే. 1960ల నడిమి కరువులలో అమెరికా ఓడల కోసం యెదురుచూసిన దేశమిది. 1965లో ఆహార సంస్థ, దాని వెంట మద్దతు ధర, చౌకధరల దుకాణం — యివన్నీ దేశానికి దండుగ అని పండితులు చెబుతూనే వచ్చారు. ఆ దండుగే సుమారు 80 కోట్ల మందికి తలకు నెలకు 5 కిలోల గింజలు వుచితంగా అందించింది. లాక్‌డౌన్ నడుమనే తెలంగాణ ఊళ్ళలో కొనుగోలు కేంద్రాలు తెరిచి యాసంగి వడ్లు కొన్నారు. బజారుకే వదిలేసి వుంటే ఆ వడ్లు ఏ ధరకు పోయేవో రైతును అడిగితే చెబుతాడు.

అయినా దీన్ని స్వయంసమృద్ధి అని చంకలు గుద్దుకోవడానికి నేను సిద్ధంగా లేను. వంటనూనెలో సగానికి పైగా పరదేశం నుంచి వస్తున్నదే. అంతకంటె పెద్ద లోపం కార్డులో వున్నది. గిడ్డంగిలో గింజ వుండడం వేరు, దానిపై మనిషికి హక్కు వుండడం వేరు. 2013 చట్టం పల్లెల్లో నూటికి 75 మందికీ, పట్నాల్లో 50 మందికీ హక్కు యిచ్చింది. ఆ తలల లెక్క మాత్రం 2011 నాటిది. ఆ తరవాత పుట్టినవారూ, పట్నం చేరినవారూ లెక్కలోకి యెట్లా వస్తారు? వలసకూలీ కార్డు సొంతూళ్ళో వున్నది, ఆకలి హైదరాబాదులో వున్నది. నడిచిపోయేవాళ్ళతో రోడ్లు నిండిన తరవాత, మే నడిమికి గాని కార్డులేని వలసకూలీలకు కేంద్రం గింజలు ప్రకటించలేదు. అవీ రెండు నెలలకే. ఆ తలలను తిరిగి లెక్కించవలసిన 2021 జనాభా లెక్కలు ఆ యేడు జరగనే లేదు.