చెరసాల తలుపులు తెరుచుకున్నాక

క్రీ.శ. 50 ప్రాంతంలో, నేటి ఉత్తర గ్రీసులో ఉన్న ఫిలిప్పీ అనే రోమన్ పట్టణంలో జరిగినదిగా అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెప్పే వృత్తాంతమిది. సోదె చెప్పే ఒక దాసికి పట్టిన దయ్యాన్ని పౌలు వదిలించాడు. ఆమె సోదె మీద డబ్బు గడించే యజమానులకు రాబడి పోయింది. పౌలునూ, సహచరుడు సీలనూ న్యాయాధిపతుల ముందుకు ఈడ్చారు. విచారణ లేకుండానే వారిని బెత్తాలతో కొట్టించి, కాళ్ళకు బొండ వేయించి చెరలో పెట్టారు.

నడిరేయి ఇద్దరూ కీర్తనలు పాడుతుండగా భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాయి, సంకెళ్ళు ఊడాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల అధికారి కత్తి దూసి ప్రాణం తీసుకోబోయాడు. ఖైదీ తప్పించుకుంటే కావలివాడి తల పోయే కాలమది. అందరం ఇక్కడే ఉన్నామని పౌలు కేకవేసి ఆపాడు. ఆ రాత్రి నిజంగా చెరలో ఉన్నదెవరు?

వైద్యులం కనుక మాకు మరొక సంగతి కనబడుతుంది. ఆ అధికారి ఆ రాత్రే వారి గాయాలు కడిగాడు. ఈ గ్రంథకర్తగా సంప్రదాయం చెప్పే లూకా కూడా వైద్యుడే.

తెల్లవారాక విడుదల ఉత్తర్వు వచ్చింది. పౌలు కదలలేదు. రోమన్ పౌరులను విచారణ లేకుండా నలుగురిలో కొట్టించి, ఇప్పుడు గుట్టుగా పంపేస్తే కుదరదు, వాళ్ళే వచ్చి తీసుకువెళ్ళాలన్నాడు. న్యాయాధిపతులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు.

ఆత్మ స్వేచ్ఛ అంటే అన్యాయాన్ని నోరు మూసుకుని సహించడమని కొందరనుకుంటారు. రాత్రి పాడినవాడే పొద్దున నిలదీశాడు. పరదేశంలో పౌరసత్వపు కాగితం విలువ తెలిసిన మనం ఈ రెండో సంగతి కూడా పిల్లలకు చెప్పాలి.